గడప లోపలి పోరు

(సరస్వతీ గోరా స్మృతిలో పటమటలో చేసిన ప్రసంగ పాఠం)



నేను నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన వాణ్ని. ఉద్యమ కాలంలో మా సభల్లో బెజవాడ పేరు ఎట్లా పలికేవాళ్లమో మీకు తెలియనిది కాదు. మా పేరు ఇక్కడ ఎట్లా పలికేవారో మాకూ తెలుసు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ లెక్క అక్కడికి తేలింది. ఇవాళ నేను చెప్పుకోవడానికి వచ్చింది వేరే లెక్క. అది మా ఇంటి లెక్క.

సరస్వతీ గోరా గారి గురించి మాట్లాడమని మిత్రులు పిలిచారు. ఆమెను నేను చూడలేదు. 2006 ఆగస్టు 19న ఆమె కన్నుమూసేనాటికి నేను చదువుకునే పిల్లవాణ్ని. ఆమె గురించి నాకంటే పటమట వాళ్లకే ఎక్కువ తెలుసు. అందుకని ముందు మా తాత గురించి చెప్తాను. ఆయన కథ గుర్తు చేసుకుంటే తప్ప ఈమె ఎంత పెద్ద పోరాటం చేసిందో నాకు అర్థం కాలేదు.

మా తాత సాయుధ పోరాట యోధుడు. తొంభై ఏళ్లు దాటి బతికాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధాలు పట్టమని పిలుపునిచ్చారు. తాత మొదట తుపాకి పట్టలేదు, చీటీలు మోశాడు. అప్పట్లో కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న మునగాల పరగణా మీదుగా సరిహద్దు దాటి బెజవాడ దాకా వచ్చేవాడు. తర్వాత దళంలో చేరాడు. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యాలు వచ్చి నిజాం లొంగిపోయాక కూడా ఇంటికి రాలేదు. అడవిలో ఉన్నాడు, తర్వాత జైల్లో ఉన్నాడు. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించాక ఊరికొచ్చి నాగలి పట్టాడు.

ఎడమ పిక్కలో తూటా మచ్చ ఉండేది. చిన్నప్పుడు మేం మనుమలం దాన్ని వేలుతో తడిమి చూసేవాళ్లం. "దొర ఇచ్చిన బహుమానం బిడ్డా" అని నవ్వేవాడు. పొద్దున్నే రేడియోలో విజయవాడ కేంద్రం వార్తలు వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదు. మిగతా రోజంతా ఎంత అల్లరి చేసినా ఏమీ అనేవాడు కాదు. ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా కర్ర పట్టుకుని తాలూకా ఆఫీసుకు బయలుదేరేవాడు. ఆయనంటే మాకు ప్రాణం. ఊరికి గౌరవం.

2009 డిసెంబర్‌లో నేను ఉస్మానియా విద్యార్థిని. లాఠీ దెబ్బలు తిని, ఒళ్లు వాచి ఊరికి పోయాను. తాత పక్కన కూర్చుని ఆంధ్రోళ్లను ఇష్టమొచ్చినట్లు తిడుతున్నాను. ఆయన చాలాసేపు విన్నాడు. ఆ తర్వాత ఒకటే మాట అన్నాడు.

"రాష్ట్రం అడుగు, తప్పులేదు. పెత్తనాన్ని తిట్టు. అన్నం పెట్టిన ఊళ్లను మాత్రం తిట్టకు బిడ్డా."

మా దళాలకు ఈ డెల్టా పల్లెలు అన్నం పెట్టాయి. ఆ అన్నానికి ధర కూడా చెల్లించాయి. 1949లో పోలీసులు కాటూరు, ఎలమర్రు మీద పడి మగవాళ్ల బట్టలూడదీసి ఊరేగించిన సంగతి మీ పెద్దలకు తెలుసు. తాత ఆ రెండు ఊర్ల పేర్లు చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. ఆ రోజు నుంచి నేను రాసే వార్తల్లో ఒక జాగ్రత్త వచ్చింది. ఆ జాగ్రత్త నాకు ఏ సంపాదకుడూ నేర్పింది కాదు. తాత నేర్పింది.

ఇంతవరకు చెప్పింది తాతను చూసి గర్వపడే సంగతి. ఇప్పుడు గర్వపడలేని సంగతి చెప్తాను.

మా ఇంటి చూరులో ఒక సత్తు గ్లాసు ఉండేది. మా పొలంలో పనికొచ్చే మాదిగ కూలీల కోసం పెట్టిన గ్లాసు. వాళ్లే తీసుకోవాలి, వాళ్లే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. చిన్నప్పుడు అది నాకు తప్పుగా కనబడలేదు. గూట్లో దీపం ఉన్నట్లే చూరులో గ్లాసు ఉందనుకున్నాను. యూనివర్సిటీకి పోయి, హాస్టల్లో నా దోస్తుతో ఒకే కంచంలో తిన్నాక, ఆ గ్లాసు నా కంట్లో నలుసైంది. ఒకరోజు అడిగేశాను. "తాతా, అడవిలో మీరందరూ ఒకే కుండలో తిన్నామంటివి. మరి ఇదేంది?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి అన్నాడు. "అడవిల కులం లేకుండె బిడ్డా. ఇంటికొచ్చినంక మీ నాయినమ్మతోని కొట్లాడలేకపోయిన. దొరతోని కొట్లాడుడు అల్కగనే ఉండె."

మిత్రులారా, ఈ మాట పట్టుకునే నేను పటమట దాకా వచ్చాను.

సరస్వతమ్మ 1912 సెప్టెంబర్ 28న విజయనగరంలో పుట్టింది. పదేళ్లకే పెళ్లయింది. ఆచారాలు కఠినంగా పాటించే బ్రాహ్మణ కుటుంబాలు. గోరా జంధ్యం వేసుకోను అన్నాడు. అయితే ఇంట్లోంచి పొమ్మన్నారు. ఆ రోజుల్లో పదహారేళ్ల పిల్ల భర్త వెంట గడప దాటడం వింత కాదు. మొగుడు పొమ్మంటే పోతుంది, ఉండమంటే ఉంటుంది. వింత ఆ తర్వాత జరిగింది. ఆమె భర్త మాట మోయడంతో ఆగలేదు. తన మాటగా చేసుకుంది. గర్భవతిగా ఉండి గ్రహణం వేళ బయటికొచ్చింది. నమ్మకాల కారణంగా గోరా కాలేజీ ఉద్యోగాలు పోతుంటే, ఒళ్లో పిల్లలతో సంసారం ఈదింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు, 1947లో దాన్ని ఈ పటమటకు మార్చినప్పుడు, వచ్చేపోయే వాళ్లందరికీ పొయ్యి వెలిగించింది ఆమె. అన్ని కులాల వాళ్లూ కలిసి కూర్చుని తిన్న సహపంక్తి భోజనాల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పంక్తికి వడ్డించే చేయి ఒప్పుకోకపోతే పంక్తి ఎక్కడిది?

పిల్లల పేర్లు చూడండి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. ప్రపంచ యుద్ధం వచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో బిడ్డ పేరు నౌ. పేరులో కులం లేదు, దేవుడు లేడు, కాలం ఉంది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చంటిబిడ్డను వెంటబెట్టుకుని జైలుకు పోయింది.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది పెద్దకూతురు మనోరమ పెళ్లి. పెళ్లికొడుకు అర్జునరావు దళితుడు. గాంధీజీ ఈ పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపిస్తానని ఒప్పుకున్నారు. ఆ పెళ్లితంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. పెళ్లినాటికి ఆయన లేరు. 1948 జనవరి 30న చంపేశారు. పెళ్లి మార్చి 13న సేవాగ్రామ్‌లోనే జరిగింది. తర్వాత 1960లో లవణం, జాషువా గారి కూతురు హేమలతను పెళ్లాడాడు. నా దోస్తులు ఎంతోమంది కులం పోవాలని రాస్తారు, పాడతారు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆ పాట ఎట్లా ఆగిపోతుందో నాకు తెలుసు. ఈ తల్లి ఆపలేదు.

1948 మార్చి అంటే మా తాత తుపాకి పట్టుకుని తిరుగుతున్న రోజులు. ఆయన దొర గడి మీద పోరాడుతున్నాడు. ఈమె తన ఇంటి గడప దగ్గర పోరాడుతోంది. నేను ఎవరినీ తక్కువ చేయడం లేదు. తాత పోరాడకపోతే మా ఊరి బీదోడికి భూమి లేదు, వెట్టి పోదు. కానీ గడి కూలిన ఊళ్లోనే చూరులో గ్లాసు మిగిలింది. దాన్ని దించడానికి తాతకు ఇంట్లో తోడు లేదు. తోడు తయారు చేసుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు. తప్పంతా నాయినమ్మ మీద వేశాడు. ఆమెకు చదువు చెప్పింది ఎవరు? సభకు పిలిచింది ఎవరు? గోరా ఇంట్లో జరిగింది, మా ఇంట్లో జరగనిది ఇదే. 1975 జూలై 26న గోరా పోయాక కూడా ముప్పై ఒక్క ఏళ్లు ఈ కేంద్రాన్ని ఆమె నడిపిందంటే, అది అరువు తెచ్చుకున్న నమ్మకంతో అయ్యే పని కాదు.

నాయినమ్మ పోయిన తర్వాత ఒకరోజు నా హాస్టల్ దోస్తు మా ఊరికొచ్చాడు. తాత చూరు దగ్గరికి పోయి ఆ గ్లాసు తీసి గోడ అవతల పారేశాడు. తన గ్లాసులో చాయ్ పోసి వాడికిచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. "ఆల్చమైంది బిడ్డా" అన్నాడు. వాడు నవ్వి తాగేశాడు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. ఆపలేను.

తాత పోయిన రోజు ఎర్రజెండా కప్పారు. వాడు పాడె పట్టుకోవడానికి ముందుకొచ్చాడు. మా చుట్టాల్లో ఒక పెద్దమనిషి "మనోళ్లున్నరు కదా" అన్నాడు. అంతే. వాడు పక్కకు తప్పుకున్నాడు. నేను ఉస్మానియాలో వేలమంది ముందు మైకు పట్టినవాణ్ని. పోలీసు లాఠీ ముందు నిలబడినవాణ్ని. ఆ రోజు మా ఇంటి వాకిట్లో నా నోరు పెగల్లేదు. తాత పిరికితనం నాకు ఆస్తిగా వచ్చిందని అప్పుడు తెలిసింది. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడతాడు. ఆ రోజు గురించి మాత్రం ఇద్దరం మాట్లాడం.

విద్యార్థులు, ఉద్యోగులు చాలామంది ఈ సభలో ఉన్నారు. మనం రోడ్డు మీద గెలవడం నేర్చుకున్నాం. జెండా పట్టుకుని పదిమందిలో ఉన్నప్పుడు ధైర్యం దానంతటదే వస్తుంది. మేనమామ ముందు, చిన్నాయన ముందు, అమ్మ ముందు ఒంటరిగా నిలబడి "ఇది తప్పు" అనడానికి కావాల్సిన ధైర్యం వేరు. తొంభై మూడేళ్లు బతికిన ఈ పటమట తల్లి దగ్గర నేను నేర్చుకోవాల్సింది అదే.

ఊరికి పోగానే ముందు వాడి దగ్గరికి పోతాను. పాడె దగ్గర చెప్పని మాట వాడి వాకిట్లో నిలబడి చెప్తాను. ఇంతమంది ముందు ఎందుకు చెప్తున్నానంటే, మళ్లీ నోరు పెగలక వెనక్కి రాకుండా ఉండటానికి.

సెలవు.