అధ్యక్షపీఠమును అధికారపీఠమును



మన విద్యార్థివసతిగృహనిధికిని, ఈ సంఘమునకును అధ్యక్షుడొక్కడే యుండవలెనను తీర్మానము రేపు సభ యెదుటికి రానున్నది. అందుచే నేడు మేము పెద్దయింటి కథ యొకటి విన్నవింపదలచితిమి. 1947 మొదలు 1951 వరకు నడచిన కాంగ్రెసు కథ యది.

స్వాతంత్ర్యము వచ్చునాటికి కాంగ్రెసు అధ్యక్షులు ఆచార్య కృపలానీగారు. ముఖ్యవిషయములందు ప్రభుత్వము పక్షాధ్యక్షుని సంప్రతింపవలెనని వారు కోరిరి. నెహ్రూ, పటేలుగారలు సమ్మతింపరైరి. 1947 నవంబరులో కృపలానీగారు పదవిని విడువగా బాబూ రాజేంద్రప్రసాదుగారు ఆ స్థానమును గైకొనిరి. సాంఖ్యుల పంగ్వంధన్యాయ మిచట స్మరింపదగును. కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కి త్రోవ చూపును. ఇరువురును అడవి దాటుదురు. కృపలానీగారు కోరినది యట్టి పొత్తే. కాని గ్రుడ్డివాడనిపించుకొనుటకు ఏ మంత్రి యొప్పుకొనును?

1948లో మన బందరు వైద్యులు పట్టాభి సీతారామయ్యగారు పురుషోత్తమదాసు టాండనుగారిని స్వల్పాధిక్యముతో గెలిచి అధ్యక్షులైరి. 1939లో సుభాసు బాబుచేత నోడినప్పుడు, ఆ పరాజయము తనదేయని గాంధీమహాత్ముడు పలికినది వీరినిగూర్చియే. తొమ్మిదేండ్లకు పీఠము దక్కునప్పటికి మహాత్ముడు లేడు! పట్టాభిగారు మంత్రులతో కలహము పెట్టుకొనలేదు. దానిని వెనుకంజ యనువారుందురు. మాకు వివేకముగానే తోచుచున్నది.

1950 ఎన్నికలో టాండనుగారికి 1306, కృపలానీగారికి 1092, శంకరరావు దేవుగారికి 202 వోట్లు వచ్చినవి. టాండనుగారికి పటేలుగారి అండ కలదు. నెహ్రూగారి కా గెలుపు రుచింపలేదు. ఆ యేడు డిసెంబరు 15వ తేదీన పటేలుగారు దివంగతులైరి. అండ తొలగెను. కార్యనిర్వాహకవర్గమున నెవరుండవలెనను తగవు ముదిరి, 1951 ఆగస్టులో నెహ్రూగారు దానినుండి వైదొలగిరి. సార్వత్రికఎన్నికలు ముంగిట నున్నవి. నెహ్రూగారు లేక వోట్లడుగుటెట్లు? సెప్టెంబరులో టాండనుగారు రాజీనామా నిచ్చిరి. ప్రధానమంత్రియే పక్షాధ్యక్షుడును ఆయెను. 1954 వరకు ఆ రెండు పీఠములును ఒక్కరివే. ఎన్నికైన యధ్యక్షుడు ఏడాది దాటినంతనే దిగిపోయిన యా ఘట్టమున నెహ్రూగారి బలము వెల్లడియైనది. అధ్యక్షపదవి బలము మాత్రము క్షీణించెనని మా యభిప్రాయము.

ఈలోగా కృపలానీగారు కాంగ్రెసును వీడి క్రొత్తపక్షము స్థాపించిరి. మన టంగుటూరి ప్రకాశము పంతులుగారును అందు చేరిరి. 1952లో మదరాసు శాసనసభ 375 స్థానములలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కినవి. కారణములు పలు గలవు. పంతులుగారి వంటివారు బయటికేగుట వానిలో నొకటి. లోపల మాట చెల్లనివాడు వాకిలి దాటి మాటలాడును గదా!

సంఘమునకు పిల్లల భోజనముల చిట్టాలను అడిగి చూచు నధ్యక్షుడొకడును, నిధిని నడపు నధ్యక్షుడు వేరొకడును కావలెను. ఇరువురికిని తగవు రావచ్చును, రానిండు. రేపటి తీర్మానమునకు మేము వ్యతిరేకముగా చేయెత్తుదుము.