చిందు నటుడికి శాలువాతో సరా?

(హనుమాన్ జంక్షన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవ్వాళ మీకు ఒక నటుడి గురించి చెప్తాను. సినిమా నటుడు గాదు. పేరు గడ్డం సమ్మయ్య. తెలంగాణలో జనగామ జిల్లా, దేవరుప్పుల మండలం, అప్పిరెడ్డిపల్లె. చిందు యక్షగానం ఆడే మనిషి. 2024లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఐదు దశాబ్దాలకు పైగా ఆడాడనీ, 19 వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చాడనీ అప్పుడు ప్రకటించారు.

బడిపంతుల్ని గాబట్టి లెక్క వేశాను. 19 వేలను 50తో భాగిస్తే ఏడాదికి 380. ఏడాదికి ఉన్నదే 365 రోజులు! చిన్న ఆటలూ పెద్ద ఆటలూ కలిపే అనుకోండి, ఎంత చాకిరీ ఇది? మొఖానికి రంగు, నెత్తిన కిరీటం, భుజాల మీద భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. పాట తనే పాడాలి, మాట తనే చెప్పాలి, చిందు తనే తొక్కాలి. ఆట అయ్యాక మళ్లీ వ్యవసాయ కూలి. ఈ ఉద్యోగానికి నెల జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు లేదు.

ఎవరీ చిందోళ్లు? షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నవాళ్లు, మాదిగల ఆశ్రిత కులం. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాశీగా ఉండేవి. ఆ ఊళ్లకు పోయి, ఆట ఆడి, జాంబపురాణం చెప్పి, మాదిగ ఇళ్ల దగ్గర త్యాగం తీసుకునేవాళ్లు. అది భిక్షం గాదు, హక్కు. భూమికంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడు జాంబవుడు అంటుంది ఆ పురాణం. అంటే ఏంది? ఊరు వెలి పెట్టిన జనానికి, మీరే ఆదివాళ్లు, మీరే పెద్దవాళ్లు అని తెల్లవార్లూ పాడి చెప్పినవాడు చిందు నటుడు. మనకు పత్రిక లేని రోజుల్లో మన పత్రిక వాడే. అట్టాంటి మనిషి ఆట చూసి, కంచం పొత్తు దగ్గరకొచ్చేసరికి దూరంగా కూచోబెట్టిన మాదిగవాడలూ ఉన్నాయి. కులం మెట్లు మెట్లుగా ఉంటదని బాబాసాహెబ్ చెప్పింది ఇదే.

ఇప్పుడు మన కృష్ణా జిల్లాకు వద్దాం. మొవ్వ దగ్గర కూచిపూడి ఉంది. అక్కడి భాగవతులు ఆడిందీ యక్షగానమే. వాళ్లూ మేళం కట్టి ఊరూరా తిరిగినవాళ్లే. ఆ అగ్రహారం గోల్కొండ తానీషా ఇచ్చాడని చెప్తారు. సత్యభామ వేషం కట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లోనే పద్మశ్రీ వచ్చింది. ఆయన గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. మన తగాదా ఆయనతో గాదు. ఒక యక్షగానానికి అగ్రహారం, కళాక్షేత్రం, సర్టిఫికెట్టు, విదేశీ ప్రయాణం దక్కితే, ఇంకో యక్షగానానికి త్యాగం గింజలే ఎందుకు మిగిలినయ్? 1970 నుంచి 2024 దాకా 54 ఏళ్లు. ఈ 54 ఏళ్లకు జవాబు చెప్పేదెవరు?

ఇంకో సంగతి. కూచిపూడి మేళాల్లో ఆడవేషం మగవాళ్లే కట్టేవాళ్లు. చిందు మేళాల్లో ఆడవాళ్లు తరతరాలుగా ఆడారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడవేషమూ కట్టింది, మగవేషమూ కట్టింది. 2005లో ఆమె చనిపోయింది. ఆడది స్టేజీ ఎక్కితే సంస్కరణ అని పుస్తకాలు రాసుకున్నవాళ్లకు ఈ ఆడవాళ్లు కనపళ్లేదు.

పద్మశ్రీ వస్తే బతుకు మారిపోద్దా? పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యది డక్కలి కులం, అదీ మాదిగల ఆశ్రిత కులమే. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో దినకూలీగా పని చేస్తా కనిపించాడని పత్రికలు రాశాయి. నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీ వచ్చిన పేద కళాకారులకు 25 లక్షలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచిదే. కానీ ఆట ఒక్కడితో అయ్యేది గాదు. వెనక మద్దెల కొట్టేవాడు, తాళం వేసేవాడు, వంత పాడేవాడు, వీళ్ల సంగతేంది?

ఇది తెలంగాణ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. హరిశ్చంద్ర కాటిసీను ఆడిన పెద్దలు మన పల్లెల్లో ఉన్నారు. ఆ సీనులో జాషువా గారి పద్యం పాడితే వన్స్ మోర్ పడుద్ది. ఆ పెద్దలకు మనం ఇస్తున్నదేంది? ఏప్రిల్ 14కు డీజే వాడికి అడిగినంత ముందే కడతాం. పద్యం పాడిన తాతకు శాలువా కప్పి పంపుతాం. శాలువాని ఉడకేసుకుని తింటాడా?

అందుకని మూడు పనులు చేద్దాం. ఒకటి, కళాకారుడి కూలి ముందే మాట్లాడి, రంగు కడుక్కునే లోపల చేతిలో పెట్టాలి. రెండు, ప్రతి పల్లెలో చదువుకునే పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టి, పాత నటుల పేర్లు, కట్టిన వేషాలు, నేర్పిన గురువుల పేర్లు రాయాలి. మూడు, మేళంలో ప్రతి మనిషికీ పింఛను ఇవ్వాలనీ, ఈ ఆటలు సర్కారు బడుల్లో అన్ని కులాల పిల్లలకూ నేర్పాలనీ గట్టిగా అడగాలి.

చిందోళ్ల పిల్లాడు చిందే ఆడాలని నేననను. వాడు డాక్టరు కావాలి, కలెక్టరు కావాలి. ఇష్టమైతే చిందూ తొక్కాలి. కులం చేయించే పని వేరు, మనిషి ఎంచుకునే కళ వేరు.

వచ్చే సభకు ప్రతి పల్లె నుంచీ ఆ నోటుబుక్కు పట్టుకుని రండి. జై భీమ్.