వాటాదారులూ సభ్యులూ: కృష్ణా డెల్టాలో వ్యాపార సంస్థలు, రాజకీయ సంఘాలు

జాతీయోద్యమ చరిత్ర రాసేవాళ్ళు కృష్ణా, గుంటూరు జిల్లాల దగ్గరికి వచ్చేసరికి రెండు పుస్తకాలు విడివిడిగా తెరుస్తారు. ఒకదాంట్లో సభలు, తీర్మానాలు, జైళ్ళు ఉంటాయి. రెండోదాంట్లో కాలువలు, ధాన్యం ధరలు, బ్యాంకులు. ఈ రెండింటినీ కలిపి చదవాలన్నది నా వాదన. 1892 నుంచి 1938 దాకా ఈ ప్రాంతంలో నిలదొక్కుకున్న రాజకీయ సంఘాలు, రైతు తన పంటను డబ్బుగా మార్చుకునే చోట పుట్టిన ఇబ్బందిని పట్టుకున్నాయి కాబట్టే నిలిచాయి. అమ్ముకోవడానికి పంటే లేనివాడికి వాటిలో చోటు దొరకకపోవడానికీ కారణం అదే.

బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. మాగాణి పెరిగింది. వానమీద బెంగ తగ్గిందిగాని ఇంకో బెంగ పట్టుకుంది. శిస్తు రొక్కంగా కట్టాలి, కిస్తులేమో పంట చేతికొచ్చే నెలల్లోనే పడతాయి. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళకముందే, కుప్ప నూర్చిన రైతు కళ్ళం దగ్గరికి కిస్తు కోసం మునసబు వచ్చేవాడు, ప్రాంసరీ నోటుతో షావుకారు వచ్చేవాడు, బస్తాలు కాటా వేయించుకుపోవడానికి మిల్లు తరఫు మనిషి వచ్చేవాడు. తరచు షావుకారూ మిల్లుదారూ ఒకే ఇంటివాళ్ళు. ఊరంతా ఒక్కసారే అమ్మకానికి దిగితే ధర పడిపోక ఏం చేస్తుంది? నాలుగు నెలలు ఆగి అమ్మగలిగినవాడిదే లాభం. ఆ ఆగడానికి గాదె ఉంటే చాలదు, తక్కువ వడ్డీకి అప్పు పుట్టాలి. చిన్న రైతుకు పుట్టేది నాము ధాన్యం. విత్తనానికో తిండికో తెచ్చిన గింజలకు పంట రాగానే మరికొంత కలిపి కొలవాలి. డెల్టా సిరి గురించి మనం చదివే వర్ణనల్లో ఈ కొలత కనిపించదు.

1892లో గుంటూరులో జరిగిన మొదటి కృష్ణా జిల్లా మహాసభను ఈ నేపథ్యంలో చూడాలి. గుంటూరు అప్పటికి వేరే జిల్లా కాదు, 1904లో విడిపోయింది. ఆ మహాసభ జరిగిన పదేళ్ళకు, 1902లో, బందరు నుంచి కృష్ణా పత్రిక మొదలైంది. ఏటేటా సభ జరపడం, చందాలు వసూలు చేయడం, లెక్క చూపడం, అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడం ఇక్కడివాళ్ళకు అలవాటైంది ఈ కాలంలోనే. అదే అలవాటు బ్యాంకులకు పనికొచ్చింది. 1904 సహకార చట్టం వచ్చాక, 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. దాని వెనక ఉన్న డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యే 1923 నవంబరు 28న బందరులో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. సరిగ్గా నెలకు కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు సమావేశమైంది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వచ్చాయి. తనఖా బ్యాంకు ఒక పల్లెటూళ్ళో వెలిసిందన్నది గమనించదగ్గ సంగతి. దీర్ఘకాలపు అప్పు అవసరం ఎక్కడుందో ఈ సంస్థలు పెట్టినవాళ్ళకు తెలుసు.

నా వాదనకు మొదటి అభ్యంతరం: నాయకులు వకీళ్ళు, డాక్టర్లే గాని వ్యాపారులు కారు కదా? నిజమే. కాని జిల్లా కోర్టుల్లో వకీలు చేతికొచ్చే దావాల్లో భూమి, బాకీ, తనఖా తగాదాలే ముఖ్యం. రైతు నోటు చదవడం అతని వృత్తి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. క్రిస్టఫర్ బేకర్ వంటి చరిత్రకారులు మద్రాసు రాజకీయాలను స్థానిక బోర్డుల పదవుల కోసం, శాసనమండలి పలుకుబడి కోసం జరిగిన పోటీగా చూశారు. జిల్లా బోర్డు కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఆ దృష్టి బాగానే వివరిస్తుంది. కాని 1920 నుంచి 1923 దాకా కాంగ్రెసు శాసనమండలిని బహిష్కరించింది. కౌన్సిల్ ప్రవేశాన్ని వ్యతిరేకించిన వర్గానికి చెందిన పట్టాభి సరిగ్గా అప్పుడే బ్యాంకు పెట్టారు. పదవి దగ్గరలో లేని రోజుల్లో కట్టిన సంస్థకు పదవీ వ్యామోహమే కారణమంటే ఒప్పుకోవడం కష్టం.

మూడోది పెదనందిపాడు. 1922 మొదట్లో ఆ ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను కట్టడం మానేశారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. భూములు జప్తవుతాయని తెలిసీ నిలబడ్డవాళ్ళను లాభనష్టాల లెక్కతో కొలవగలమా? కొలవలేం. ఆ తెగింపుకు నా వాదనలో పూర్తి సమాధానం లేదు. అయితే వాళ్ళు దెబ్బ కొట్టిన చోటు మాత్రం నా వాదనకు సాక్ష్యం: కిస్తుల కాలం, మునసబు, కరణం. పాలన ఎక్కడ డబ్బుగా మారుతుందో రైతుకు తెలుసు.

1928లో ఆచార్య ఎన్.జి. రంగా ప్రభృతులు ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం కట్టారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో రీసెటిల్మెంటు పేరుతో ప్రభుత్వం శిస్తును నూటికి 18¾ వంతున, అంటే రూపాయికి మూడణాలు, పెంచబోయింది. అంతలో ప్రపంచ మాంద్యం వచ్చి ధాన్యం ధర సగానికి పడిపోయింది. సభల్లో శిస్తు మాటా వడ్డీ మాటా ఒక్క గొంతుతో వినిపించాయి.

ఆ గొంతుకు దొరికిన ఫలితం 1938 మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 దాకా పేరుకున్న వడ్డీని అది రద్దు చేసింది. షావుకారుకు దెబ్బ. సహకార సంఘాల, తనఖా బ్యాంకుల బాకీలకు మాత్రం చట్టం వర్తించలేదు. వాటి వడ్డీ తక్కువ కనుక అది న్యాయమేనని అనవచ్చు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. అయినా ఉద్యమం తన సొంత సంస్థలను కాపాడుకుందన్నది నిజం. అసలు సంగతి అంతకన్నా గట్టిది: ఈ చట్టానికి వ్యవసాయదారుడు అంటే భూమిలో హక్కు ఉన్నవాడు. కౌలుదారుకు చోటు దొరికింది. పాలేరుకు, రోజుకూలికి, ఏటేటా నాము గింజలు తిరిగి కొలిచే దళిత కుటుంబానికి దొరకలేదు. పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు కూలీలకు వేరే సంఘాలు కట్టవలసి వచ్చిందంటే ఆశ్చర్యమేముంది! దీన్ని నాయకుల దుర్బుద్ధి అనడం తేలిక. వాటా కొన్నవాడే సభ్యుడైన సంస్థల్లో చేయి తిరిగినవాళ్ళు, వాటా లేనివాడికి చోటు చూపే పద్ధతి నేర్చుకోలేదనడం సరైన తీర్పు.

ఈ తీర్పును సరిచూడాలంటే సభల తీర్మానాలు చాలవు. మిల్లుల కాటా పుస్తకాలు, సహకార సంఘాల మినిట్సు, వాటాదారుల రిజిస్టర్లు కావాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత మిల్లులు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. మీ ఇళ్ళల్లో, మీ ఊరి సొసైటీ బీరువాల్లో అలాంటి కాగితాల కట్టలుంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి, దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి.