అమెరికా ప్రయాణం: చుట్టపుచూపా, స్థిరవాసమా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల దగ్గరికి వెళ్లే వీసాల గురించి ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఆ విషయంలో నిపుణుణ్ణి కానని మనవి చేశాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు రాసి, రిటైరయ్యాక నా కాగితాలకే అభ్యంతరం తెచ్చుకున్నవాణ్ణి నేను. "సరిగ్గా అదే చెప్పండి" అన్నారాయన. కనుక చెబుతున్నాను. మనలో ఎక్కువమంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు గాబట్టి ముఖ్యంగా ఆ దేశం సంగతే.

మనబోటి తల్లిదండ్రులకు ఉన్న దారులు ప్రధానంగా రెండు. ఒకటి విజిటర్ వీసా, దాన్నే బి-2 అంటారు. చుట్టపుచూపుగా వెళ్లిరావడానికి. రెండోది గ్రీన్ కార్డు. అక్కడే కాపురం ఉండడానికి. ఈ రెండింటికీ తేడా కాగితంలో కాదు, మన ఉద్దేశంలో ఉంది. ఆ ముక్క నాకు ఆలస్యంగా అర్థమైంది.

విజిటర్ వీసా మనవాళ్లకు సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండవచ్చని కాదు. ఆ పదేళ్లలో ఎప్పుడైనా వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర నిలబడవచ్చని మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో విమానం దిగినచోట అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు. ఆ గడువు తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. కంప్యూటర్లో చూసుకోవాలి. దిగిన మర్నాడే పిల్లల చేత తీయించి, ఆ తేదీని క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకోండి. ఇంకొన్నాళ్లు ఉండవలసివస్తే ఆ తేదీ దాటకముందే పొడిగింపుకు అర్జీ పెట్టాలి. అర్జీ లేకుండా గడువు దాటి ఉండిపోతే పదేళ్ల వీసా కూడా చెల్లకుండా పోతుంది. ఆరు నెలలకు మించి అలా ఉండి తిరిగివస్తే మూడేళ్లు, ఏడాది మించితే పదేళ్లు మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు.

ఇంటర్వ్యూ గురించి అందరికీ భయం. ఒకప్పుడు మద్రాసు వెళ్లి లాడ్జిలో దిగి, తెల్లవారుజామున వరసలో నిలబడేవారు. 2008లో హైదరాబాదులో కాన్సులేట్ వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడలో ఉంది. ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలు. సంచి నిండా తీసుకువెళ్లిన పాస్‌బుక్కులు, ఇంటి దస్తావేజులు చాలాసార్లు చూడనే చూడరు. అయినా తీసుకువెళ్లండి. వాళ్ల చట్టం ప్రకారం వీసా అడిగిన ప్రతి మనిషీ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వచ్చాడనే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత మనది. ఇందులో మనం నొచ్చుకోవలసిందేమీ లేదు. బిల్లు పెట్టినవాడే వోచరు చూపించాలన్నది మన ట్రెజరీ సూత్రమే కదా. నెలనెలా పెన్షన్, సొంత ఇల్లు, ఇక్కడున్న మరో సంతానం... ఇవే మన వోచర్లు. కొందరు ఏజెంట్లు కల్పించి చెప్పమని నేర్పుతారు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పినట్టు తేలితే జన్మంతా వీసా రాకుండా పోవచ్చు. కూతురి పురుడుకు వెళుతుంటే పురుడుకనే చెప్పండి.

ఇక గ్రీన్ కార్డు. మన పిల్లవాడు అమెరికా పౌరుడై, 21 ఏళ్లు నిండినవాడై ఉంటేనే తల్లిదండ్రులకు దరఖాస్తు పెట్టగలడు. హెచ్-1 మీద ఉన్నా, తనకు గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నా కుదరదు. పౌరుల తల్లిదండ్రులకు ఏడాదికి ఇంతమందేననే కోటా లేదు. అందుకని అన్నదమ్ముల దరఖాస్తుల్లాగా ఏళ్లూ పూళ్లూ పట్టదు. మన పోషణ భారం తనదేనని పిల్లవాడు పూచీకత్తు రాసిస్తాడు.

మా అబ్బాయి పౌరసత్వం రాగానే ఆ పని చేశాడు. మా ఇంటర్వ్యూ ముంబైలో జరిగింది. 2017లో కార్డులు వచ్చాయి. నిజం చెప్పాలంటే అక్కడ స్థిరపడదామని మేమెప్పుడూ అనుకోలేదు. మాటిమాటికీ ఇంటర్వ్యూ ఉండదు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఎప్పుడైనా రావచ్చు అనుకున్నాం. ఒక విధంగా దాన్ని బస్సు పాసు అనుకున్నాం. వీధిలో నాలుగు ఇళ్లకు చెప్పుకున్నాం కూడా.

2018 మార్చిలో తెనాలి దగ్గర మా ఊళ్లో మా అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. రెండు నెలల్లో తిరిగి వెళదామని ఇద్దరం వచ్చాం. ఆమె మంచం మీద పధ్నాలుగు నెలలు ఉంది. నేను పక్కనే ఉన్నాను. అందుకు ఇవాళ్టికీ చింత లేదు.

కర్మకాండలు అయ్యాక టిక్కెట్లు తీద్దామంటే అప్పుడు తెలిసింది. ఏడాది దాటి బయట ఉంటే ఆ కార్డు ఒక్కటీ చూపించి తిరిగి లోపలికి పోవడానికి లేదు. ముందుగా రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. అది రెండేళ్ల వరకు ఇస్తారు. కాని ఆ అర్జీ అమెరికా గడ్డ మీద ఉండగానే పెట్టాలి. ముప్పై నాలుగేళ్లు రూలు పుస్తకం చదివినవాణ్ణి ఆ ఒక్క రూలు చదవలేదు! మన చేతిలో లేని కారణాల వల్ల ఆగిపోయామని రుజువు చేసి మరో రకం వీసా అడగవచ్చని అబ్బాయి చెప్పాడు. నేనే వద్దన్నాను. కార్డు నిలబెట్టుకున్నా మేమక్కడ కాపురం ఉండేవాళ్లం కాము, మళ్లీ ఇదే తంతు అవుతుంది. కార్డులు వదులుకుంటున్నామని ఐ-407 ఫారం నింపాం.

మా ఆవిడ కలం పట్టుకుని చాలాసేపు సంతకం చేయలేదు. "మీ అమ్మ కోసం మీరున్నారు, బాగానే ఉంది. నా కొడుకు కోసం నేను ఉండొద్దా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత సంతకం చేసింది. రెండు రోజులు మాట్లాడలేదు. 2019 చివర్లో విజిటర్ వీసాకు వెళ్లి, కార్డు సంగతి దాచకుండా చెప్పాం. ఇచ్చారు. కరోనా తగ్గాక 2022లో వెళ్లి ఐదు నెలలు ఉండి వచ్చాం.

కార్డు వద్దని నేను చెప్పడం లేదు. ఇక్కడ ఎవరూ లేక, ఒక్కరే మిగిలిపోయి, ఆరోగ్యం తగ్గుతున్నవారికి అది తీసుకోవడమే సబబు. కాని అడిగి తెలుసుకుని తీసుకోండి. కార్డు ఉన్నవాడు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా, మన పెన్షన్, ఎఫ్.డి. వడ్డీతో సహా, అక్కడి పన్ను రిటర్నులో చూపాలి. పన్ను పడుతుందా లేదా అన్నది వేరే లెక్క. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు మించితే ఆ వివరం విడిగా ఇవ్వాలి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు బ్యాంకులో వేసుకున్నవాళ్లు చాలామంది ఇందులోకి వస్తారు. ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ కావాలంటే 65 ఏళ్లు దాటి, కార్డుతో వరసగా ఐదేళ్లు అక్కడ ఉండాలి. అప్పుడైనా ప్రీమియం కట్టాలి. చుట్టపుచూపుగా వెళ్లేవారు ట్రావెల్ బీమా తీసుకుంటే పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో చదవండి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలో పెట్టుకోండి.

నా స్నేహితుడొకడు పోయాక ఆయన భార్య కార్డు మీద కొడుకు దగ్గరికి వెళ్లింది. కొడుకూ కోడలూ బంగారంలాంటివాళ్లు. పొద్దున ఎనిమిదికి వెళితే సాయంత్రం ఆరుకి వస్తారు. ఆమెకు కారు రాదు, బయట నడిచే మనిషి కనబడడు. "ఇక్కడ కూరగాయల బండివాడితోనైనా గీసి గీసి బేరమాడేదాన్ని అన్నయ్యగారూ" అంది ఫోనులో. అదే ఎడిసన్ లాంటి ఊళ్లో గుడి, మనవాళ్ల కొట్లు, పక్కవీధిలో తెలుగు మాట ఉంటే బతుకు వేరే. దరఖాస్తు పెట్టకముందు ఒక చలికాలం విజిటర్ వీసా మీద వెళ్లి ఉండి చూడండి. వేసవిలో చూసి నిర్ణయించుకోకండి.

మిగతా దేశాలు రెండు మాటల్లో. కెనడాలో సూపర్ వీసా అని 2011లో పెట్టారు. 2022 నుంచి ఒక్కసారి వెళితే ఐదేళ్ల వరకు ఉండనిస్తున్నారు. వైద్య బీమా తప్పనిసరి. ఆస్ట్రేలియాలో స్థిరపడాలంటే సాధారణంగా మన పిల్లల్లో కనీసం సగంమంది అక్కడ ఉండాలి. కొంతైనా త్వరగా కావాలంటే మనిషికి 40 వేల డాలర్లకు పైగా కట్టాలి, లేదంటే దశాబ్దాల వరస. ఇంగ్లండులో 2012 నుంచి బాగా బిగించారు. ఇక్కడ దొరకని దీర్ఘకాలిక సేవ అవసరమని చూపితే తప్ప తల్లిదండ్రులను స్థిరపడనివ్వరు.

చివరగా మన అన్నం సంగతి. ఏ వీసా మీద వెళ్లినా, ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం మరవకండి. వెళ్లేముందే మీ ట్రెజరీలోనో బ్యాంకులోనో విదేశం నుంచి ఎలా పంపాలో అడిగి రాసుకోండి. అక్కడి మన కాన్సులేట్ ధృవీకరణతో పంపే వీలు ఉంటుంది. అది అందక పెన్షన్ ఆగితే డల్లాస్ నుంచి ఫోను చేసి ప్రయోజనం లేదు. ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా ఆవిడ రెండో వరసలో కూర్చుని ఉంది. నేను చెప్పినదంతా ఆమెకు సమ్మతం కాదని మీకు ముఖం చూస్తేనే తెలుస్తుంది. భోజనాల తర్వాత ఆమె వాదన కూడా వినండి. ఫారాలు నింపవలసినవారు పాస్‌పోర్టు, పెన్షన్ పుస్తకం తెచ్చుకుంటే నాలుగింటిదాకా ఇక్కడే ఉంటాను.

సెలవు.