మోటారు సైకిలు వెనుక షాకుల బుష్షులు



పూర్వము గ్రామమున నొక గృహస్థుని శ్రద్ధను తెలిసికొనవలెనన్న వాని బండిని చూచెడివారు. ఎడ్లెంత బలిసియున్నను ఇరుసు కిర్రుమన్నచో, యజమానికి శ్రద్ధ లేదని వీథివారు నిశ్చయించెడివారు. నేడు ఆ బండ్లు నిలిచిన చావడి ముందఱనే మోటారు సైకిళ్లు నిలుచుచున్నవి. బండి మారినది గాని, అది చెప్పు మాటను వినవలసిన యజమాని ధర్మము మారలేదు. ఆ ధర్మమును నేనొకసారి మరచితిని.

ఒక వర్షకాలమున నా మోటారు సైకిలు గుంటలో దిగినప్పుడెల్ల వెనుక టక్కుమని చప్పుడు చేయసాగెను. నేను బాటను నిందించితిని. వెనుక కూర్చుండు నా భార్య నడుము నొప్పియని చెప్పగా వయస్సును నిందించితిని. ఇట్లు మూడు నెలలు గడచెను. తుదకు విప్పించి చూడగా, షాకు పై బుష్షులోని రబ్బరు పొడియైపోయి, ఇనుమును ఇనుము తిని, షాకును మోయు స్టడ్డు సగము అరిగియుండెను. స్వల్పమైన సొమ్ముతో తీరవలసిన పని, చట్రమునకు క్రొత్త స్టడ్డు అతికించు పని యాయెను. అది నడిబాటలో విరిగియున్నచో వెనుక కూర్చున్న మనిషి గతి యేమి? ఆ తలంపు వచ్చినప్పుడెల్ల నా గుండె నేటికిని ఝల్లుమనును. కావుననే ఈ ప్రసంగము.

తొలినాటి మోటారు సైకిళ్లలో పెక్కింటికి వెనుక చక్రము చట్రమునకు కదలకుండ బిగింపబడియుండెడిది. పీట క్రింది స్ప్రింగులే మనిషికి దిక్కు. 1949లో ఇంగ్లండునందు వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టునకు, వెనుక చక్రమును పట్టిన చేయి క్రిందికి మీదికి ఆడునట్లు అమర్చి, ఇరుప్రక్కల రెండు షాకులు పెట్టిరి. పిదప ఆ బండి మద్రాసునందును తయారగుట మొదలైనది. నేడు మన గ్రామములందు తిరుగు రెండు షాకుల బండ్ల పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే. నడుమ నొక్కటే షాకు గల బండ్లను మాత్రము మెకానిక్కునకే విడుచుట మేలు.

షాకునందు స్ప్రింగు బరువును మోయును; లోపలి నూనె ఆ స్ప్రింగు ఎగురులాటను అణచును. షాకు రెండు కొనలను ఉంగరములవంటి రంధ్రములుండును. ఆ రంధ్రములలో నుండు రబ్బరు తొడుగే బుష్షు. పెక్కు బుష్షుల నడుమ ఒక ఇనుప గొట్టముండును. దానిగుండ బోల్టుగాని స్టడ్డుగాని పోవును. చక్రము ఎగిరినప్పుడెల్ల షాకు రవంత తిరుగవలెను. ఆ తిరుగుడును రబ్బరు తన మెలికచే ఓర్చుకొనును. అది తాను అరిగి స్టడ్డును కాపాడును. అరుగుటకే పుట్టిన వస్తువును అరిగినవెంటనే మార్చక పోయినచో, అరుగరానిది అరుగును.

పరీక్ష సులభము. బండిని సమమైన నేలపై నడిమి స్టాండున నిలిపి, షాకును చేతబట్టి ముందు వెనుకలకు ఊపవలెను. కొనలయందు వదులు తగిలినను, రబ్బరు పగిలి వెలికి వచ్చినను, బుష్షు చెడినదని గ్రహింపవలెను. షాకు కాడవెంట నూనె కారినచో చెడినది షాకే. దానికి బుష్షు మందు కాదు. వెనుక చక్రమును పట్టి ప్రక్కలకు ఊపినప్పుడు ఆడినచో దోషము చక్రపు బేరింగులందో, చక్రమును పట్టిన చేతి బుష్షులందో యుండును. అది వేరు పని.

ఇక విప్పు విధము. రెండు షాకులను ఒక్కమారు తీయరాదు. ఒకటి విప్పినప్పుడు రెండవది చక్రమును పట్టియుండును. రెండును తీసినచో చక్రము క్రిందికి జారును. సైలెన్సరు అడ్డమైనచో అది చల్లారిన పిదప దాని బిగింపును సడలింపవలెను. పై నట్టును, క్రింది బోల్టును విప్పునప్పుడు వాషర్లను వచ్చిన వరుసనే ఒక గుడ్డపై పేర్చవలెను. పాఠము మరచిన బాలునికి పుస్తకమెట్లో, కూర్చునప్పుడు మనకు ఆ వరుస అట్లు.

షాకును బయటికి తీసి, దాని ఉంగరమును బెంచివైసు దవడల నడుమ నుంచవలెను. ఒక ప్రక్క బుష్షుకంటె రవంత చిన్న సాకెట్టును, రెండవ ప్రక్క బుష్షు దూరుటకు చాలిన పెద్ద గొట్టపు ముక్కను పెట్టి వైసును మెల్లగా బిగించినచో, పాత బుష్షు గొట్టములోనికి జరిగి వచ్చును. మొండికెత్తినచో రబ్బరును కత్తితో కోసి తీయవచ్చును. సుత్తితో షాకును మోదరాదు. కొందఱు రబ్బరును నిప్పుతో కాల్చి తీయుదురు. అది మహాదోషము. షాకులో నూనె యుండును, కొన్నింట వాయువును యుండును. వేడికి అది పగులవచ్చును.

పిదప ఉంగరములోని తుప్పును గరుకు కాగితముతో తోమి తుడిచి, క్రొత్త బుష్షును అదే వైసుతో, రెండు ప్రక్కల సమముగ నుండునట్లు, నెట్టవలెను. ఇక్కడ మన పెద్దలకొక హెచ్చరిక. ఎడ్లబండి ఇరుసునకు కందెన ప్రాణము. ఆ అలవాటున ఈ రబ్బరునకు ఇంజను నూనెగాని, గ్రీజుగాని పూయరాదు. ఆ నూనెలకు రబ్బరు ఉబ్బి మెత్తబడి త్వరలో చెడును. జారుటకు సబ్బునీరు చాలును.

షాకును మరల ఎక్కించునప్పుడు రంధ్రములు కలియనిచో చక్రము క్రింద చెక్కముక్కను దోపి ఎత్తవలెను. నట్లను మొదట సగమే బిగించి, రెండవ ప్రక్కయు ముగిసిన పిదప, బండిని స్టాండునుండి దింపి, బరువు చక్రములపై నున్నప్పుడు తుది బిగింపు చేయవలెను. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, రబ్బరు ఎల్లప్పుడు మెలికపడియే యుండి త్వరలో చినుగును. బిగింపు కొలత బండితో వచ్చిన పుస్తకమునందుండును. నాలుగు బుష్షులను ఒక్కసారే మార్చుట మంచిది. కొన్నిదినములు తిరిగిన పిదప నట్లను మరల చూడవలెను.

ఈ పని మీరే చేయవలెనని నా యభిప్రాయము కాదు. మెకానిక్కు చేయుచుండగా ప్రక్కన నిలిచి, నిప్పు పెట్టుచున్నాడా, స్టాండుమీదనే బిగించుచున్నాడా యని చూచినను చాలును. మన మనుమలు వేగమెరుగుదురు గాని చప్పుడు వినరు. వినుట మన వంతు. వెనుక కూర్చున్నవారు నొప్పియన్నప్పుడు, బాటను, వయస్సును నిందించుటకు ముందు, ఒకసారి వంగి ఆ షాకును ఊపి చూడుడు. నేను మూడు నెలలు ఆలస్యముగ వంగితిని. మీరట్లు చేయకుందురు గాక!