గొఱ్ఱెల యారోగ్యమునకు సర్కారువారి సహాయములు
(తడ ప్రాంతపు రైతులకై ప్రసంగ పాఠము)



తడకు ఒక ప్రక్క పులికాటు సరస్సు, మఱియొక ప్రక్క చెరువుల క్రింది వరిచేలు, దక్షిణమున తమిళదేశపు పొలిమేర గలవు. ఈ సీమ 2022వ సంవత్సరమున నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినను, ఇచ్చటి గొఱ్ఱె మాత్రము నెల్లూరి గొఱ్ఱెయే. తెల్లనిది పల్ల యనియు, తెల్లని దేహమును ముఖమున నల్లమచ్చలును గలది జోడిపి యనియు, ఎఱ్ఱనిది దొర యనియు దీనిని మూడు తెగలుగా చెప్పుదురు. మన దేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి యెత్తైన దిదియే.

గొఱ్ఱెలు గొల్లవానివి, మనకేమి యని కొందఱు భూస్వాములు తలంతురు. అది పొరపాటు. కోత లైనపిమ్మట పొలమున మంద కట్టించినచో నేలకు లభించు సత్తువ యెట్టిదో ప్రతి రైతు నెఱుగును. మంద చచ్చిన యేడు గొల్లవానికి జీవనము పోవును. రైతునకు ఎరువు పోవును. కావున మంద యారోగ్యము ఇరువురి సొత్తు.

మందలను తుడిచిపెట్టు రోగములలో మొదటిది పారుడు రోగము. జ్వరము, కన్ను ముక్కుల వెంట స్రావము, నోటిలో పుండ్లు, పిదప విరేచనములు దీని గుర్తులు. రెండవది చిటుకు రోగము. వానలు కురిసి లేతపచ్చిక మొలచినప్పుడు ఆబగా మేసిన పుష్టిగల పిల్లలే దీనిచే హఠాత్తుగా కూలును. మూడవది నీలినాలుక రోగము. చిన్న జాతి దోమలు దీనిని వ్యాపింపజేయును. మూతి వాచును, కాళ్లు కుంటువడును. ఇవిగాక చెరువు గట్టుల తడిమేతవలన కార్జపు జలగలు పట్టును.

ఇక సర్కారువారి సహాయములు నాలుగు విధములు.

మొదటిది టీకా. పారుడు రోగమును నిర్మూలించుటకై కేంద్రప్రభుత్వమువారు టీకాల వ్యయమును తామే భరించుచున్నారు. రైతు చెల్లింపవలసినది లేదు. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒకమాఱు వేసిన టీకా సుమారు మూడేండ్లు కాపాడును. చిటుకు రోగపు టీకా వానలకు ముందు వేయింపవలెను. నీలినాలుక మొదలగు తక్కిన రోగముల టీకాలు ఎప్పుడు లభించునో పశువైద్యశాలలో ముందుగా విచారించుకొనవలెను. వైద్యుడు మందవద్దకే రావలసియున్నచో 1962 అను సంఖ్యకు ఫోను చేసి సంచార వైద్యశకటమును పిలిపింపవచ్చును.

రెండవది బీమా. జాతీయ పశుసంపద మిషను క్రింద 2024వ సంవత్సరమున ఏర్పడిన నిబంధనల ప్రకారము యజమాని బీమారుసుములో నూటికి 15 వంతులు మాత్రము చెల్లించును. మిగిలిన 85 వంతులలో 51 కేంద్రమువారును, 34 రాష్ట్రమువారును భరింతురు. ఒక కుటుంబము నూఱు గొఱ్ఱెలవఱకు ఈ లాభము పొందవచ్చును.

మూడవది ఋణము. పైరుల కిచ్చెడి కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుండి పశుపోషకులకును విస్తరించిరి. రెండు లక్షల రూపాయలవఱకు నూటికి ఏడు వంతుల వడ్డీపై ఋణము లభించును. గడువులో తీర్చినవానికి మూడు వంతులు తగ్గి నాలుగు వంతులే పడును.

నాలుగవది సబ్సిడీ యనబడు సహాయధనము. నూఱు గొఱ్ఱెలు, ఐదు పొట్టేళ్లు గల శాల పెట్టువానికి పెట్టుబడిలో సగము, పది లక్షలకు మించకుండ, ఇత్తురు. ఐదువందల గొఱ్ఱెలు, ఇరువదియైదు పొట్టేళ్ల శాలకు ఏబది లక్షలవఱకు గలదు. ఈ ధనము రెండు వాయిదాలలో వచ్చును. రెండవది పని పూర్తియై తనిఖీ జరిగినపిదపనే. భూమి కొనుటకు ఇది చెల్లదు.

లక్షల మాట వినగానే పలువురి మనస్సు నాలుగవదానిపైకి పోవును. కాని వరుస తలక్రిందు చేయరాదు. టీకా లేని శాలలో ఒక్క రోగపుగొఱ్ఱె చేరినచో సహాయధనముతో కొన్న మంద కొలది వారములలో నాశనమగును. బ్యాంకు ఋణము మాత్రము చావదు. బీమాయు చెవికి సంఖ్యగల బిళ్ళ యున్న గొఱ్ఱెకే చెల్లును. బిళ్ళ యూడిపోయిన వెంటనే తెలుపనివాడును, చచ్చిన గొఱ్ఱెను వైద్యుడు చూడకమునుపే పూడ్చినవాడును పరిహారమును పోగొట్టుకొనును. ఉచితముగా వచ్చు మొదటి సహాయమే తక్కిన మూడింటికిని పునాది.

టీకా ఒక్కని మందకు వేసిన చాలదు. ఒక చెరువున నీరు త్రాగు మందలన్నిటికిని ఒకే తడవలో వేయవలెను. పశువులను లక్షలుగా చంపిన ముసర, అనగా పెద్దరోగము, 2011వ సంవత్సరమున లోకమునుండి తొలగిపోయినట్లు ప్రకటింపబడినది. ఊరూర టీకా వేయుటయు, రోగపు జాడను విడువక వెదకుటయు దానికి కారణములు. పారుడు రోగము దాని దాయాదియే. 2030 నాటికి దీనిని గూడ నిర్మూలింపవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి.

పొలిమేర గ్రామములకు మఱియొక హెచ్చరిక. సంతలో కొన్న గొఱ్ఱెను తిన్నగా మందలో కలుపక మూడు వారములు వేఱుగా కట్టవలెను. రోగము తోచినయెడల దాచి యమ్మరాదు. అంటురోగమును అధికారులకు తెలుపుట 2009వ సంవత్సరపు చట్టము ప్రకారము యజమాని విధి. చచ్చినవానిని వైద్యుడు చూచినపిమ్మట లోతైన గోతిలో సున్నము వేసి పూడ్వవలెను, కాలువలో వేయరాదు.

భూమిగల రైతు చేయదగిన పని సులభమైనది. తన పొలమున మంద కట్టించుటకు మాట యిచ్చునపుడు "టీకా వేయించితివా?" యని గొల్లవాని నడుగవలెను, లేదన్నచో ఆ దినమే పశువైద్యశాలకు కబురు పంపవలెను. ఆ యొక్క ప్రశ్నవలన గొల్లవాని మందయు, రైతు పొలమును ఏకముగా రక్షింపబడును.