మేనమామ కానుక
(ఆర్మూరులో రైతుల సభయందు చేసిన ప్రసంగము)



పసుపు బస్తాలు చేతులుమారు ఈ పట్టణమున, సిద్ధులగుట్ట నీడలో నిలిచి మాటలాడువారు పంటధరను గూర్చి మాటలాడుట వాడుక. ఆ సంగతి మాకంటె మీకే యెక్కువ తెలియును. నేడు మేము వేరొక విషయమును మనవిచేయుదుము. సభకు ముందు ఒక యువకుడు మమ్ము ప్రక్కకు బిలిచి, "మా తాత తన తుపాకిని నాకిచ్చెదనను చున్నాడు, ఉంచుకొనవచ్చునా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా మా యింట జరిగిన దానినే చెప్పుట మేలని తోచినది.

మా మేనమామ డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. బాల్కొండవైపు పల్లెలో పసుపును, మొక్కజొన్నను పండించి బ్రదికినవాడు. అడవిపందుల బాధ పడలేక ఎన్నడో లైసెన్సు పొంది రెండు గొట్టముల తుపాకి నొకదానిని కొనెను. మేము కొందరు చిన్నరైతుల పక్షమున ఒక భూమి వ్యాజ్యమును నడుపుచున్నాము. ఆ సందర్భమున మాకు బెదరింపులు వచ్చుచున్నవను మాట అతని చెవిసోకినది. ఒకనాటి సాయంకాలము ఒక సంచిలో పసుపుకొమ్ములను, పాతదుప్పటిలో చుట్టిన తుపాకిని దెచ్చి మా ముందుంచి, "అల్లుడా, నాకు కండ్లు మసకలైనవి. నీకు పగవారు పెరిగినారు. ఇక ఇది నీది" అనెను. మా తల్లి తమ్ముని ముఖము చూచి కన్నులొత్తుకొనెను. మా గృహిణి మాత్రము పిల్లలను లోపలిగదిలోనికి బిలిచి తలుపు వేసెను.

మేనమామ తెచ్చినదానిని కాదనుట మన యిండ్లలో మర్యాద కాదు. పుట్టువెండ్రుకలు తీసిననాడు ఆయన యొడిలో గూర్చుంటిమి. పెండ్లినాడు ఆయన పెట్టిన బట్టలు గట్టితిమి. ఎట్లు కాదనగలము? ఆ రాత్రి ఆయన మా యింటనే పరుండెను. లైసెన్సు ఆయనది, ఆయుధము ఆయన ప్రక్కనే యున్నది, కావున చట్టమునకు భంగము లేదని సమాధానపడి మేమును పరుంటిమి.

నిద్ర రాలేదు. 2011లో సకలజనుల సమ్మె జరిగిన 42 దినములును కోర్టు విడిచి వీధులలో నిలిచినవారము. బెదరింపు మాటలు విన్న రాత్రులందును కన్నుమూసినవారము. ఆ రాత్రి మాత్రము కుక్క మొరిగినను లేచి కూర్చుంటిమి. తెల్లవారుజామున గేటు చప్పుడైనది. మా చేయి మామ ప్రక్కనున్న దుప్పటిమీదికి సాగినది. వచ్చినవాడు పాలుపోయు కుర్రవాడు. మా పెద్దకుమారుని యీడువాడు. ఆ చేతిని మేము చాలసేపు చూచుకొంటిమి. తుపాకి రాకపూర్వము మా గేటుకడకు పాలవాడు వచ్చెడివాడు. తుపాకి వచ్చిన పిమ్మట మొదట శత్రువు వచ్చెను, పిదప గదా అతడు పాలవాడయ్యెను.

ఇక చట్టము మాట. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు మనిషికే గాని యింటికి గాదు, వంశమునకు గాదు. తాత లైసెన్సు మనుమనికి చెల్లదు. ప్రేమతో నిచ్చినను, తన పేర లైసెన్సు లేనివాడు పుచ్చుకొన్న క్షణముననే నేరస్థుడగును. 2019 సవరణ పిమ్మట ఈ నేరమునకు సామాన్యముగా 2 ఏండ్లకు తగ్గక 5 ఏండ్లవరకు ఖైదును, జుర్మానాయు గలవు. 2016 నియమముల ప్రకారము, 70 ఏండ్లు నిండినవాడు గాని, 25 ఏండ్లు ఆ తుపాకిని గలిగియున్నవాడు గాని తన వారసుని సూచింపవచ్చును. కాని ఆ వారసుడు తానుగా దరఖాస్తు పెట్టి, విచారణకు నిలిచి, లైసెన్సు పొందిన తరువాతనే దానిని ముట్టవలెను. వలదనువారికి దారి సుగమము: దగ్గరి ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకునికడ గాని అప్పగించి రసీదు పుచ్చుకొనుటయే. పెద్దలు గతించిన యిండ్లలో అటకమీద మిగిలిన తుపాకులకును ఇదియే దారి.

"వకీలుగారు పిరికిమాటలాడుచున్నారు, జాతిని నిరాయుధము చేసినది తెల్లవారు కాదా?" అని యడుగువారుందురు. నిజమే. 1878 ఆయుధచట్టము తెల్లవారిని మినహాయించి మనలను మాత్రమే బంధించెను. అందుచేతనే 1931 కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరహక్కులలో జేర్చెను. కాని 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగమున జేర్పుడని కోరగా రాజ్యాంగసభ సమ్మతింపలేదు. ఆ యేడే జనవరి 30న పిస్తోలు గుండ్లకు గాంధీమహాత్ముడు నేలకొరిగెనని మరువరాదు. స్వరాజ్యము కోరిన పెద్దలే, స్వరాజ్యము వచ్చినప్పుడు ఇంటింట తుపాకి యుండుట స్వరాజ్యము కాదని తలచిరి.

మన తెలంగాణమును మరచి పలుకుటలేదు. కడవెండిలో 1946 జూలై 4న దేశముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియైన పిదప పల్లెలు ఆయుధము పట్టినవి. ఆ త్యాగమును తక్కువచేయు నోరు మాకు లేదు. అప్పుడు పేదవాని మొర వినువాడు లేడు, ఓటు లేదు. నేడో? 2019లో పసుపునకును ఎర్రజొన్నకును గిట్టుబాటు ధర కావలెనని, పసుపు బోర్డు కావలెనని మీరేమి చేసితిరి? 170 మందికి పైగా రైతులు నిజామాబాదు లోకసభ స్థానమునకు నామినేషనులు వేసితిరి. మొత్తము అభ్యర్థులు 185. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెటు యూనిట్లు నిలుపవలసివచ్చెను. దేశమంతయు ఈ జిల్లావైపు చూచినది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ఈ నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. మీ కష్టములన్నియు దానితో దీరినవనము. కాని ఆ పోరులో ఒక్క తూటాయు పేలలేదు, ఏ తల్లియు కడుపుకోత నెరుగలేదు.

తెల్లవారిన పిమ్మట, "మామా, నీ ప్రేమ మాకు వలయును, నీ భయము మాత్రము వలదు" అని చెప్పితిమి. ఆయన ముఖము చిన్నబోయినది. చాయ త్రాగువరకు పలుకలేదు. తరువాత తానే లేచి తుపాకిని దుప్పటిలో చుట్టుకొనెను. ఇరువురము ఠాణాకు బోతిమి. ఆయన దరఖాస్తు వ్రాసి, తుపాకిని, తూటాలను అప్పగించి రసీదు దీసికొనెను. మా బెదరింపుల సంగతి మేమును అచ్చటనే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసితిమి. మరలివచ్చునప్పుడు దారిలో ఆయన, "అల్లుడా, పందులకంటె దానికే ఎక్కువ కావలి కాచినానురా. పిల్లలు ముట్టుదురేమో, దొంగ యెత్తుకొనిపోవునేమో అని ఎన్ని రాత్రులో!" అనెను. ఇన్నేండ్లుగా ఆ మాట ఆయన ఎవరితోను అనలేదు.

వ్యాజ్యము ఇంకను నడుచుచున్నది. బెదరింపులును పూర్తిగా నిలువలేదు. భయము లేదని మేము బొంకము. కాని మా గేటుకడ చప్పుడైనప్పుడు వచ్చినవాడెవడని చూచి తలుపు దీయుచున్నాము.

నాయనా, నీ ప్రశ్నకు మా యుత్తర మిది. తాతగారి ప్రేమను గాదనకుము. ఆయనను వెంటబెట్టుకొని ఠాణాకు బొమ్ము. రసీదు పుచ్చుకొని, ఆయన చేయిపట్టుకొని యింటికి రమ్ము. మా మామ తెచ్చిన రెండు కానుకలలో పసుపుకొమ్ములు మా యింట నిలిచినవి. ప్రతిదినము వంటలో ఆయన పేరు చెప్పుకొనుచునే యున్నాము.